మేడ మీద కుట్టు గదికి ఏసీ: షోరూములో నాకు జరిగిన మర్యాద

ఏసీ బిగించి వారం కూడా కాలేదు. మీలో ఎవరైనా ఈ వేసవిలో చిన్న గదికి కొనబోతుంటే పనికొస్తుందని రాస్తున్నా. నిజం చెప్పాలంటే సగం కోపంతోనే రాస్తున్నా.

మాది విజయవాడ, అజిత్‌సింగ్ నగర్. బ్లౌజులు, పంజాబీ డ్రెస్సులు కుడతాను. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు కింది వాటా మునిగిపోయి మిషన్లు, కస్టమర్ల చీరలు అన్నీ బురదపాలయ్యాయి. ఆ దెబ్బతో కుట్టుపని మొత్తం మేడ మీది గదికి ఎక్కించేశా. పదకొండు అడుగులకు పది. నెత్తిన వట్టి శ్లాబు, పడమటి గోడకి మధ్యాహ్నం నుంచి పొద్దుగుంకేదాకా ఎండ. మే నెలలో రాత్రి పదింటికి కూడా ఆ శ్లాబు సెగలు కక్కుతూనే ఉంటుంది. ఫ్యాను జోరు పెంచితే కత్తిరించిన ముక్కలు ఎగిరిపోతాయి. కొలతలకి వచ్చినవాళ్లుంటే తలుపు తీసే వీల్లేదు.

కరీంనగర్ నుంచి మా ఆడపడుచు "కూలర్ పెట్టుకో వదినా, మాకు హాయిగా ఉంది" అని ఒకటే పోరు. వాళ్లది పొడి వేడి, అక్కడ పనిచేస్తుంది. మాది ఉక్కపోత. మూసిన గదిలో కూలర్ పెడితే ఒంటికి జిడ్డు, పట్టుచీరలకి చెమ్మ.

ఇక ఎన్ని టన్నులు అన్న దగ్గర వీధిలో ప్రతివాళ్లకీ ఒక అభిప్రాయం ఉంది. "పై అంతస్తు కదా, ఒకటిన్నర వేసెయ్" అన్నవాళ్లే ఎక్కువ. ఏసీ టన్ను అంటే 907 కిలోల మంచుని ఒక రోజులో కరిగించేంత వేడిని గదిలోంచి లాగేయడం. వాట్లలో దాదాపు 3,500. నూట పది చదరపు అడుగులకి టన్ను చాలంటారు గానీ అది పడగ్గది లెక్క. నా గదిలో 1,000 వాట్ల ఇస్త్రీ పెట్టె ఉంటుంది. ఊరికే కూర్చున్న మనిషి ఒంట్లోంచే సుమారు 100 వాట్ల వేడి వస్తుంది, పెళ్లిళ్ల సీజనులో ఐదుగురం ఉంటాం. అంటే ఏసీ లాగే 3,500లో 1,500 మాకూ ఇస్త్రీకే పోతే శ్లాబుకి మిగిలేదెంత?

అందుకని ముందు ఇస్త్రీ బల్ల వరండాలోకి మార్చా. శ్లాబు మీద తెల్లటి కూల్ రూఫ్ రంగు రెండు కోట్లు వేయించా. తెలంగాణలో 2023లో దీనికి ఏకంగా ప్రభుత్వ పాలసీయే తెచ్చారు, ఇక్కడ మాత్రం చెబితే నవ్వుతారు. పడమటి కిటికీకి బయటివైపు చాప కట్టా. ఇవన్నీ అయ్యాకే టన్ను చాలని తేల్చుకున్నా. చిన్న గదికి పెద్దది పెడితే గది చప్పున చల్లబడి కంప్రెసర్ మాటిమాటికీ ఆగిపోతుంది, తేమ సరిగ్గా లాగదు. మా ఊరికి తేమ లాగడమే ముఖ్యం.

ఇప్పుడు అసలు కథ. బందరు రోడ్డులో ఒక పెద్ద షోరూముకి వెళ్లాను. బండి మీద దింపడానికి తమ్ముడు వచ్చాడు. వాడికి ఏసీ గురించి రిమోట్ నొక్కడం తప్ప ఏమీ తెలీదు. సేల్స్ కుర్రాడు వాడి ముందుకొచ్చి నిలబడి "సార్, రూమ్ సైజెంత?" అన్నాడు. నేను చెప్పా. "సార్, టాప్ ఫ్లోరా?" మళ్లీ నేనే చెప్పా. జవాబు నా నోట్లోంచి వస్తోంది, చూపు మాత్రం వాడి మీదే. మా తమ్ముడు ఇబ్బంది పడిపోయి ఫోను చూసుకోవడం మొదలెట్టాడు.

"ఈ రెండూ టన్నే అంటున్నావు కదా బాబూ, లేబుల్ మీద ఒకదానికి వాట్లు ఎక్కువున్నాయి, ఒకదానికి తక్కువున్నాయి, ఎందుకని?" అన్నా. "అవన్నీ టెక్నికల్ మేడమ్" అని పక్కకి తీసుకెళ్లి, ప్యానెల్ మీద పూల డిజైనున్న మోడల్ చూపించాడు! చీర కొలిచి, ఎన్ని సెంటీమీటర్లు తగ్గిందో షాపువాళ్లకే చెప్పే మనిషిని నేను. నాకు పువ్వులు చూపిస్తాడా?

ఆ వాట్లు అంటే మిషను ఎంత వేడి లాగుతుందన్న అంకె, అది చూడటం చాలా అవసరం, వదలకండి. పైగా ఆ అంకె కొలిచేది బయట 35 డిగ్రీలున్నప్పుడు. బెజవాడలో మే నెలలో 35 అనేది టిఫిన్ల వేళకే దాటిపోతుంది, మధ్యాహ్నం 43లో అదే మిషను అంతకంటే తక్కువే లాగుతుంది. "ఫైవ్ ఇన్ వన్ కన్వర్టిబుల్" అంటే కంప్రెసర్ జోరు తగ్గించుకునే బటను, టన్నుని ఒకటిన్నర చేసేది కాదు. ఏసీల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22న 28 శాతం నుంచి 18కి తగ్గితే, దాన్ని వాళ్ల సొంత డిస్కౌంటులా బ్యానరు కట్టారు.

అయినా సరే, ధర కుదిరిందని ఈఎంఐ టేబుల్ దగ్గరికి వెళ్లాం. అక్కడ ట్యాబ్ పట్టుకుని ఇంకో కుర్రాడు. "సార్, మీ పేరు మీదేనా?" "కాదు, అక్క పేరు మీద." అప్పుడు నా వైపు తిరిగి "మేడమ్ ఏం చేస్తారు?" అన్నాడు.

"టైలర్ని."

వేలు పైకీ కిందకీ ఆడించి "హౌస్‌వైఫ్ అని పెడుతున్నా మేడమ్" అన్నాడు. దాని కిందే సెల్ఫ్ ఎంప్లాయిడ్ అని ఉంది, నాకు కనబడుతూనే ఉంది. అది నొక్కమన్నా. "దానికి ప్రూఫ్ కావాలి. షాపు లైసెన్సో, ఐటీ రిటర్న్సో ఉన్నాయా? పోనీ సార్‌ది, మీ హస్బెండ్‌ది, శాలరీ స్లిప్ ఉందా?" ఆయన లారీ మీద రాయపూర్ వెళ్లారని చెప్పా. "అయితే సార్ వచ్చాక రండి మేడమ్" అని షోరూమంతా వినబడేలా అని, వెనకాల వాళ్లని పిలిచాడు. ఆ వరసలో ఉన్నావిడ నన్ను చూసి నవ్వు ఆపుకుంది. వాళ్లమ్మాయి పెళ్లి బ్లౌజులు ఆ రోజు నా మిషను మీదే ఉన్నాయి.

ఇరవై రెండేళ్లుగా కుడుతున్నా. ఇద్దరు పిల్లల ఫీజులు ఈ చేతులతో కట్టా. వరదకి పోయిన మిషన్ల స్థానంలో కొత్తవి నేనే కొన్నా. పెళ్లిళ్ల నెలల్లో ఆ ట్యాబ్ కుర్రాడి జీతానికి తక్కువేం రాదు నాకు. మన ఊళ్లలో పచ్చళ్లు పెట్టేవాళ్లు, పూలు కట్టేవాళ్లు, పాలు పోసేవాళ్లు, ఇంతమంది ఆడవాళ్లు కాగితం మీద ఏ పనీ లేని వాళ్లే. వస్తువు అమ్మేటప్పుడు మేడమ్, సంతకం దగ్గరికొస్తే సార్ రావాలి!

ఆ రాత్రే తమ్ముడి చేత ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అంటే చిన్న వ్యాపారాలకి ప్రభుత్వం దగ్గర నమోదు, చేయించా. ఆధార్, పాన్ ఉంటే ఫోనులోనే అయిపోతుంది, పైసా ఖర్చు లేదు. ఇంట్లో పని చేసుకునే అక్కచెల్లెళ్లు ముందు అది చేయించుకోండి, డబ్బులడిగే ఏజెంట్ల జోలికి పోకండి. "నో కాస్ట్ ఈఎంఐ" అన్నవాళ్లని ముందు క్యాష్ రేటు అడగండి, ప్రాసెసింగ్ ఫీజు ఎంతో కూడా అడగండి. నాకు తేడా అక్కడే తెలిసింది.

చివరికి గవర్నర్‌పేటలో ఒక చిన్న కొట్టులో కొన్నా. అక్కడి పెద్దాయన నేను కుట్టు గదికి అనగానే "ఇస్త్రీ గదిలోనే చేస్తారా అమ్మా?" అని అడిగారు. అంతే, బేరం కూడా గట్టిగా ఆడబుద్ధి కాలేదు. త్రీ స్టారా, ఫైవ్ స్టారా అన్నదానికి లేబుల్ మీద యూనిట్లు చూపించారు. అవి ఏడాదికి 1,600 గంటల లెక్క, అంటే రోజుకి పది గంటలు వేస్తే 160 రోజులు. మేం చూసినవాటిలో తేడా 150 యూనిట్ల దాకా ఉంది. మన దగ్గర నెలకి 225 యూనిట్లు దాటాక యూనిటు 8.75 రూపాయలు, కాబట్టి నాలాగా పగలంతా వేసేవాళ్లకి ఫైవ్ స్టారే. రాత్రి రెండు గంటలు వేసుకునేవాళ్లకి ఆ అదనపు డబ్బు దండగ. 2026 జనవరి నుంచి స్టార్ల లెక్క బిగించారు, లేబుల్ ఏ కాలానిదో చూసుకోండి. కాయిల్ రాగిదే తీసుకోండి.

బిగింపు గొడవ లేకుండానే అయింది. పెట్టెలో వచ్చే పైపు మూడు మీటర్లే, పైన మీటరుకింత అంటారు, ముందే కొలుచుకోండి. గ్యాసు వదిలే ముందు పైపుల్లో గాలి లాగేసే వాక్యూమ్ పంపు పెట్టారో లేదో దగ్గరుండి చూడండి, బద్ధకస్తులు ఎగ్గొడతారు. బయటి యూనిట్ పడమటి గోడకి పెట్టనివ్వకండి, నాది ఉత్తరం వైపు పెట్టించా. మెయిన్ నుంచి విడిగా వైరు, లోడు ఎక్కువైతే దానంతటదే పడిపోయే ఎంసీబీ స్విచ్చు వేయించా.

26లో పెట్టి ఫ్యాను ఒకటి మీద తిప్పుతున్నాం. రెండు పూటలా పని సాగుతోంది, ముక్కలు ఎగరడం లేదు. నిన్న ఆ వరసలో నవ్వినావిడ ట్రయల్‌కి వచ్చి "అబ్బ, ఎంత చల్లగా ఉందో, ఎక్కడ కొన్నారండీ?" అంది. గవర్నర్‌పేట కొట్టు చెప్పా. బ్లౌజుల్లో ఏమైనా తగ్గించమని అడిగింది. ఒక్క రూపాయి తగ్గించలేదు.