జీడిపప్పు పడని మనిషితో సాన్ సెబాస్టియన్‌లో ఒక లంచ్

స్పెయిన్‌లో బాస్క్ ప్రాంతపు ఊరు సాన్ సెబాస్టియన్ వెళ్లొచ్చినవాళ్లు లా కోంచా బీచ్ గురించి, పాతపేట బార్లలో నిలబడి తిన్న పింత్సోల (అక్కడి చిరుతిళ్ల) గురించి రాస్తారు. అవన్నీ మేమూ చూశాం, బాగున్నాయి. నేను రాయాలనుకుంటున్నది మాత్రం ఊరవతల కొండవాలు మీద, ఒక ప్రయోగాల రెస్టారెంట్‌లో మధ్యాహ్నం ఒకటిన్నరకి కూర్చుని అయిదున్నరకి లేచిన భోజనం గురించి. మా నలుగురిలో చెల్లెలికి జీడిపప్పు, పిస్తా పడవు. ఒంటిమీద దద్దుర్లతో పోయే రకం కాదు, గొంతు వాచి ఊపిరి ఆడని రకం. ప్లేట్లో ఏముందో చెప్పకుండా తినిపించడమే గొప్పగా భావించే చోటికి అలాంటి మనిషిని తీసుకెళ్లవచ్చా అన్నది బిల్బావో విమానాశ్రయంలో బస్సెక్కిన దగ్గర్నుంచీ మా మధ్య నలుగుతూనే ఉంది.

ఈ ప్రాంతానికి వంటలో ప్రయోగాలు కొత్త కాదు. 1976 ప్రాంతంలో హువాన్ మారి అర్సాక్, పెద్రో సుబిహానా వంటి షెఫ్‌లు కొత్త బాస్క్ వంట పేరుతో మొదలుపెట్టారు. తర్వాత కాటలోనియాలో, రోసెస్ దగ్గరి ఎల్‌బుల్లీలో ఫెర్రాన్ అద్రియా అనే షెఫ్ దాన్ని ఇంకెక్కడికో తీసుకెళ్లి, 2011లో ఆ రెస్టారెంట్ మూసేశాడు. సాన్ సెబాస్టియన్ పక్కనే ఉన్న ముగారిట్స్ రెస్టారెంట్‌లో ఉడికించిన బంగాళాదుంపకు తినదగిన కెయోలిన్ మట్టి పూత వేసి, అచ్చం గులకరాయిలా చేసి పెట్టారు. కంటికి ఒకటి తోచాలి, నాలుకకి ఇంకొకటి తగలాలి. ఈ వంట నడిచేదంతా ఆ తేడా మీదే. అలర్జీ ఉన్న మనిషికి కావలసింది దీనికి పూర్తిగా ఎదురు. మన పెళ్లి విస్తట్లో పాయసంలో జీడిపప్పు పలుకు తేలుతూ కనిపిస్తుంది, ఆ గిన్నె వద్దని చెయ్యి అడ్డం పెట్టొచ్చు. ఇక్కడ అదే పలుకు పాలుగా, పొడిగా, నురుగుగా, చివరికి ఒట్టి వాసనగా కూడా వస్తుంది.

ముందు రిజర్వేషన్ సంగతి. తలకి 280 యూరోలు, తాగేవి వేరే. మన డబ్బులో పాతిక వేలు దాటిపోయింది. కార్డు నంబరు తీసుకుంటారు, చివరి మూడు రోజుల్లో రద్దు చేసుకుంటే ఆ డబ్బు పోయినట్టే. నాకు ఇది అన్యాయంగానే అనిపించింది కానీ, అలర్జీ ఉన్నవాళ్లకి ఈ ముందస్తు పద్ధతే మేలు చేస్తుంది. ఇలాంటి చోట్ల మెనూ అందరికీ ఒక్కటే. వంటకాలకి మూలమైన రసాలూ నూనెలూ ఒకటి రెండు రోజుల ముందే తయారవుతాయి. వెళ్లి కూర్చున్నాక చెబితే వాళ్లు చేయగలిగింది ప్లేట్లోంచి ఏదో ఒకటి తీసేయడమే. నాలుగు రోజుల ముందు చెబితే వేరే ప్లేటు కడతారు.

ఫారంలో ‘నట్ అలర్జీ’ అని రాసి వదిలేస్తే చాలదు. మేం రాసినవి ఇవి: జీడిపప్పు, పిస్తా రెండూ ప్రమాదం, రేణువు తగిలినా రియాక్షన్ వస్తుంది, బాదం, వాల్‌నట్ డాక్టరు తినొచ్చన్నారు కానీ ఒకే మిక్సీలో ఆడిస్తారన్న భయంతో బయట తినం, వేరుశనగ, నువ్వులు పర్వాలేదు, ఇంజెక్షన్ వెంట ఉంటుంది. జవాబు మర్నాడే వచ్చింది. అందులో మూడు ప్రశ్నలు: ఆవిరి తగిలినా ఇబ్బందా? పక్క కుర్చీల్లో వాళ్లు తింటే పర్వాలేదా? నూనె శుద్ధి చేసిందైతే సరేనా? ఇంత వివరంగా అడిగే కిచెన్‌ని నమ్మొచ్చు. ‘గమనించాం, ధన్యవాదాలు’ అని ఒక్క ముక్కలో జవాబిచ్చే చోటికైతే మళ్లీ రాయండి, లేదా ఫోన్ చేయండి.

యూరప్ చట్టంలో (1169/2011) తప్పనిసరిగా చెప్పాల్సిన అలర్జీ పదార్థాలు 14. గ్లూటెన్ ఉన్న ధాన్యాలు, రొయ్యలు పీతలు, గుడ్డు, చేప, వేరుశనగ, సోయా, పాలు, నట్స్, సెలెరీ, ఆవాలు, నువ్వులు, సల్ఫైట్లు (నిల్వ కోసం కలిపేవి), లూపిన్ (ఒక రకం పప్పుగింజ), ఆల్చిప్పల జాతి. ప్యాక్ చేయకుండా వడ్డించే తిండికి కూడా స్పెయిన్‌లో 2015 నుంచి దీనికి విడిగా ఉత్తర్వు ఉంది. అడిగితే చెప్పి తీరాలి. ఆవాలు ఆ పట్టికలో ఉన్నాయి, శనగలు లేవు! శనగపిండి, కందిపప్పు, కొబ్బరి, వంకాయ పడనివాళ్లు మనలో ఉంటారు. వాళ్ల బాధ ఆ పట్టిక చూసుకునే సర్వర్‌కి తట్టదు. పేరుపేరునా మీరే రాయాలి.

ఇంకో మాట గట్టిగా చెప్పాలి. శాకాహారులు ‘గుడ్డు అలర్జీ’ అని రాసేస్తే పని తేలికవుతుందని చాలామంది సలహా ఇస్తారు. దయచేసి అలా చేయకండి. అలర్జీ అన్న మాట పడగానే కిచెన్‌లో బోర్డు మారుతుంది, కత్తి మారుతుంది, ఒక మనిషి మిగతా పని ఆపి ఆ ప్లేటు పనే చూస్తాడు. గుడ్డు పడదన్న మనిషే చివర్లో పక్కవాళ్ల ఐస్‌క్రీమ్ రుచి చూస్తే, ఆ సర్వర్ తర్వాత వచ్చే నిజమైన రోగి మాట సగమే నమ్ముతాడు. తినను అని రాయండి, చాలు. శాకాహార మెనూ అడిగితే చాలాచోట్ల చేస్తారు.

కూర్చోగానే హెడ్ వెయిటర్ వచ్చి, మేం పంపిన మెయిల్ ప్రింటు చేతిలో పెట్టుకుని, చెల్లెలికే చదివి వినిపించాడు. డబ్బు కట్టేవాళ్లకి కాకుండా తినబోయే మనిషికి చెప్పడం నాకు నచ్చింది. తర్వాత, “మధ్యలో కుర్చీలు మారకండి” అన్నాడు. ఎందుకో అడిగితే చెప్పాడు. కిచెన్‌కి మన పేర్లు వెళ్లవు, టేబుల్ నంబరు, కుర్చీ నంబరు వెళ్తాయి. అలర్జీ ప్లేటు మూడో కుర్చీకి అని స్లిప్పు మీద పడుతుంది. ఫొటోల కోసమో సముద్రం కనిపిస్తుందనో మనం లేచి చోటు మార్చుకుంటే, జాగ్రత్తగా చేసిన ప్లేటు ఇంకొకరి ముందుకి పోతుంది. చేతులు కడుక్కోవడానికి వెళ్లినా అదే కుర్చీలోకి రావాలి.

మొదటి అరగంట చేత్తో తినే చిన్న చిన్నవి. ఒకే రాతిపలక మీద నలుగురివీ కలిపి తెచ్చే అలవాటు. చెల్లెలిది మాత్రం వేరే గిన్నెలో, వేరే మనిషి తెచ్చాడు. ఒకటి ఆలివ్ కాయలా ఉంది, నోట్లో పెట్టగానే పగిలి రసం అయిపోయింది. ఎల్‌బుల్లీ నుంచి వచ్చిన పద్ధతే. ఆలివ్ రసంలో కాల్షియం ఉప్పు కలిపి, నీళ్లలో అరశాతం సోడియం ఆల్జినేట్ (సముద్రపు నాచు నుంచి తీసే పొడి) కరిగించిన తొట్టిలోకి చెంచాతో జారవిడుస్తారు. ఒకటి రెండు నిమిషాల్లో పైన పల్చటి పొర కడుతుంది. మంచినీళ్లలో కడిగి నూనెలో ఉంచుతారు. ఇందులో అలర్జీకి చోటెక్కడుంది అనిపిస్తుంది. తొట్టిలో ఉంది. అదే రోజు మెనూలో హేజల్‌నట్ పాల గోళీ కూడా ఉంది. రెండూ ఒకే తొట్టిలో ముంచితే నట్ పాలు ఆలివ్‌కీ అంటుతాయి. అడిగాం. మూడో కుర్చీవి పొద్దున్నే కొత్త తొట్టిలో మొదట తీసి, విడి సీసాలో పెట్టామన్నారు.

ఇలాంటి చోట్ల పదార్థం కంటే సామాను మీద ప్రశ్నలు వేయడం మంచిది. నురుగు కొట్టే సైఫన్ మూతి, ఐస్‌క్రీమ్ ఆడే యంత్రం బ్లేడు, ఎండబెట్టే డ్రయ్యర్ పళ్లేలు, పువ్వులు అమర్చే పట్టకారు, వేపుడు నూనె. ఇవన్నీ అందరి వంటకాలకీ ఒకటే అయ్యే వస్తువులు. పేరు వినగానే అనుమానించాల్సినవి మరికొన్ని. ‘తినే మట్టి’ అంటే చాలాసార్లు వేయించి పొడిచేసిన నట్సే. నోట్లో కరిగిపోయే తెల్లటి పొడి, టాపియోకా మాల్టోడెక్స్‌ట్రిన్ అనే కర్రపెండలం పిండి పీల్చుకున్న ఏదో ఒక నూనె. ‘గాలి’ అని పిలిచే పల్చటి నురుగు చాలావరకు సోయా లెసిథిన్‌తో నిలబడుతుంది. మాంసం ముక్కలు కలిపి అతికించే ఎంజైమ్ ట్రాన్స్‌గ్లుటమినేజ్‌లో పాల ప్రోటీన్ కలిపిన రకాలు ఉన్నాయి. చీమలో మిడతలో పెడితే రొయ్య పడనివాళ్లు ముట్టుకోకూడదు. ఒకదానికి పడనివాళ్లకి రెండోదీ పడకపోవచ్చు.

భోజనం సగంలో తునా వచ్చింది. పచ్చి తునా పొట్టముక్క, పైన గాజుకాగితంలాంటి నిమ్మజాతి జెల్లీ, దాని మీద అక్కడక్కడ గులాబీరంగు పలుకులు. మా ముగ్గురికీ మేం తిన్నాకే సర్వర్ చెప్పేవాడు, ఆశ్చర్యం పోకూడదని. చెల్లెలికి మాత్రం ప్లేటు పెట్టకముందే చెవి దగ్గర వంగి పదార్థాలన్నీ చెప్పేవాడు. మొదటి కోర్సు నుంచీ అదే వరస. ఆ ఏర్పాటుని ఎంత మెచ్చుకున్నా తక్కువే. దాచడమూ చెప్పడమూ రెండూ ఒకే టేబుల్ మీద కుదిరాయి. తునా దగ్గర అతను, “బెర్గమాట్ (ఆ నిమ్మజాతి పండు), గులాబీ మిరియాలు” అనగానే చెల్లెలు, “ఒక్క నిమిషం” అంది.

గులాబీ మిరియాలు మిరియాల తీగవి కావు. స్కీనస్ అనే చెట్టు పండ్లు. ఆ చెట్టు జీడిమామిడి, పిస్తా, మామిడి కుటుంబానిదే. జీడిపప్పు పడనివాళ్లకి దానితో రియాక్షన్ వచ్చిన కేసులు వైద్య పత్రికల్లో ఉన్నాయి. కానీ అది నట్ కాదు, 14 పదార్థాల పట్టికలో లేదు, కాబట్టి కిచెన్ స్లిప్పు మీద ఎర్రగుర్తు పడలేదు. మా ఫారంలోనూ ఆ పేరు అడిగే గడి లేదు.

సర్వర్ ‘ఏం కాదు’ అనలేదు. పలుకులు ఏరి ఇస్తాననీ అనలేదు. ప్లేటు మొత్తం తీసుకెళ్లిపోయాడు. హెడ్ వెయిటర్ వచ్చి రెండే అడిగాడు. మామిడిపండు తింటారా? తింటుంది. గులాబీ మిరియాలు ఇంతకుముందు తిన్నారా? తెలియదు. “అయితే ఇవాళ వద్దు,” అన్నాడు. పైన కనిపించే పలుకులే కాదు, తునా మీద రాసిన నూనెలో కూడా అవే మిరియాలు నానబెట్టారట. ఏరి ఇచ్చి ఉంటే ఆ నూనె మిగిలేది. కొత్త బోర్డు మీద కోసిన తునా, ఉప్పు, బెర్గమాట్ తొక్క తురుముతో పావుగంటలో వేరే ప్లేటు వచ్చింది. జెల్లీ కరిగిపోతుంది, ఆగకండని మా ముగ్గురినీ తినేయమన్నారు. రుచి చూడమని ఆమె వైపు ఎవరూ చెంచా చాపకూడదని కూడా మర్యాదగానే చెప్పారు. ఆ తర్వాత వచ్చే గొర్రెమాంసం మీద సుమాక్ అనే పుల్లటి మసాలా పొడి ఉందని వాళ్లే గుర్తుచేసుకుని మార్చారు. అది కూడా అదే కుటుంబం.

ఇంత చక్కగా నడిచిన చోట తాగేవాటి దగ్గర పట్టు జారింది. వంటకాలకి తగ్గట్టు ఇచ్చే మద్యం లేని పానీయాలు తీసుకున్నాం. అలర్జీ మనుషులు మద్యం మానడం మంచిదే, అది రియాక్షన్‌ని ఇంకా పెంచగలదు. వాటిని తెచ్చే మనిషి వేరు, అతనికి బార్ నుంచి వేరే స్లిప్పు. పాలలా తెల్లగా ఉన్న గ్లాసు మా అందరి ముందూ ఒకేలా పెట్టి వెళ్లబోయాడు. అడిగితే తెలియదన్నాడు. లోపలికెళ్లి వచ్చి చెప్పాడు: చూఫా పాలు. చూఫా నట్ కాదు, నేలలో ఊరే దుంప. దానితో చేసే ఓర్చాతా స్పెయిన్ అంతా తాగుతారు. కానీ ఆడించిన జార్‌లోనే పొద్దున పిస్తా పాలు కూడా ఆడించారట. గ్లాసు వెనక్కి పోయింది. తలకి 280 తీసుకునే చోట బార్‌కి ఒక కాగితం పంపకపోవడాన్ని నేను క్షమించలేను. వంటకాల జాబితాతో పాటు పానీయాల జాబితా కూడా ముందే మెయిల్‌లో అడగండి. గుడ్డు, పాలు పడనివాళ్లు వైన్ గురించీ అడగాలి, దాన్ని తేటపరచడానికి అవి వాడతారు.

మందుల విషయం క్లుప్తంగా. పెద్దవాళ్లకి 0.3 మిల్లీగ్రాముల అడ్రినలిన్ పెన్నులు (తొడకి నొక్కితే మందు ఎక్కించే సాధనాలు) రెండు ఉండాలి, సంచిలో కాదు, టేబుల్ మీద. మన దగ్గర అవి సులువుగా దొరకవు. ఆంప్యూల్, సిరంజితో వెళ్లేవాళ్లు డోసు, డాక్టరు చీటీ రాయించుకుని, ఎలా ఎక్కించాలో పక్కవాళ్లకి నేర్పాలి. తొడ బయటి వైపు, బట్ట మీదుగానైనా సరే. మనిషిని పడుకోబెట్టి కాళ్లు ఎత్తాలి. ఊపిరి ఆడకపోతే కూర్చోబెట్టాలి. యూరప్ అత్యవసర నంబరు 112కి ఫోన్ చేయాలి. అయిదు నిమిషాల్లో తగ్గకపోతే రెండోది. సిట్రిజిన్ దురదకి పనికొస్తుంది, గొంతు వాపుకి కాదు. తగ్గినట్టే తగ్గి కొన్ని గంటలకి మళ్లీ రావచ్చు, అందుకే ఆసుపత్రికి వెళ్లి తీరాలి. మేం రాత్రి కాకుండా లంచ్ ఎంచుకున్నదీ ఇందుకే. ఏమైనా అయితే అందరూ మేలుకుని ఉండే వేళ.

డెజర్ట్‌లు దాటాక జాగ్రత్త సడలుతుంది, మనదీ వాళ్లదీ. ప్రమాదం అక్కడే ఎక్కువ. కాఫీతో వచ్చే చిన్న మిఠాయిల బండి నిండా నట్సే, పక్కపక్కనే, ఒకే పట్టకారుతో తీస్తారు. చెల్లెలికి బండి దగ్గరికి రాకుండా లోపలి నుంచి వేరే పళ్లెం అడిగాం. రెండు పండ్ల జెల్లీలు, ఒక మెరాంగ్ వచ్చాయి. వెళ్లేటప్పుడు ఇచ్చిన చాక్లెట్ డబ్బా మీద పదార్థాల చీటీ లేదు. అడిగితే చాక్లెట్ బయట చేయిస్తామని, పిస్తా ఆనవాళ్లు ఉండొచ్చని అప్పుడు చెప్పారు. డబ్బా అక్కడే ఉంచేశాం. బిల్లులో వెనక్కి పోయిన గ్లాసు ధర తగ్గించలేదు. అడిగాక తగ్గించారు.