ఆల్విన్ నిస్సాన్‌కి వేరే గేర్‌బాక్స్: క్లచ్ ఎందుకు విడవడం లేదో వెతికిన నాలుగు వారాలు

కొత్త బాక్స్ ఎక్కించాక మొదటిసారి ఇంజన్ స్టార్ట్ చేశాం. న్యూట్రల్‌లో చప్పుడేమీ లేదు. క్లచ్ నేలకంటా తొక్కి రివర్స్ వేయబోతే కర్రుమని గేర్ రాడ్ నా అరచేతిలో అదిరింది. ఇంజన్ ఆపేసి వేస్తే అదే రివర్స్ వెన్నలా పడింది. అంటే బాక్స్‌లో తప్పు లేదు, తొక్కినప్పుడు క్లచ్ పూర్తిగా విడవడం లేదు, ఇంజన్‌కీ బాక్స్‌కీ మధ్య లంకె తెగడం లేదు. అంత బరువున్న బాక్స్‌ని మళ్లీ కిందికి దించాలా అని ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

బండి ఆల్విన్ నిస్సాన్ క్యాబ్‌స్టార్. మా నాన్న హైదరాబాద్ సనత్‌నగర్ ఆల్విన్‌లో పనిచేశారు. ఫ్రిజ్‌లు, బస్సు బాడీలు, వాచీలు చేసిన ఆ కంపెనీ, జపాన్ నిస్సాన్‌తో కలిసి జహీరాబాద్‌లో ఈ చిన్న లారీలు కూడా చేసింది. తర్వాత ఆ ఫ్యాక్టరీ మహీంద్రా చేతికి వెళ్లింది. ఇప్పుడు రోడ్డు మీద ఇవి కనబడితే నేను బండి ఆపి మరీ చూస్తాను. మన ఊరి కంపెనీ పేరుతో తిరిగిన లారీ ఇది. తుప్పు పట్టి తుక్కులోకి పోకూడదని నా పట్టుదల.

దశాబ్దాల పాటు బరువులు మోసిన పాత బాక్స్‌లో పళ్లు అరిగిపోయి, మూడో గేరు దానంతటదే బయటికి వచ్చేసేది. స్పేర్ పార్టుల బజార్లయిన రాణిగంజ్‌లో అడిగాను, పుత్లీబౌలిలో అడిగాను, ఆ గేర్లు దొరకలేదు. చివరికి ఆటోనగర్‌లో వేరే పికప్ నుంచి దించిన ఐదు గేర్ల బాక్స్ కొన్నాను. ఇంజన్‌కీ దానికీ మధ్య 12 మి.మీ. మందం స్టీల్ అడాప్టర్ ప్లేటును బాలానగర్‌లో లేత్ మీద చేయించాను. బాక్స్ 12 మి.మీ. వెనక్కి జరిగింది కాబట్టి క్లచ్‌ని నెట్టి విడిపించే రిలీజ్ బేరింగ్ స్లీవ్‌నీ, ఇంజన్ వెనక ఉండే ఫ్లైవీల్ చక్రం మధ్యలో కూర్చుని బాక్స్ షాఫ్ట్ ముక్కుని పట్టే పైలట్ బుష్‌నీ అంతే పొడవు పెంచి చేయించాల్సి వచ్చింది. క్లచ్ ప్లేటుని ఫ్లైవీల్‌కి అదిమిపట్టే ప్రెషర్ ప్లేటు పాతదే. క్లచ్ ప్లేటుకి మాత్రం కొత్త బాక్స్ షాఫ్ట్‌కి సరిపోయే స్ప్లైన్ (గాడుల) హబ్ రివెట్ చేయించాను. బాక్స్ దగ్గర ఆయిల్ ఒత్తిడికి క్లచ్‌ని విడిపించే స్లేవ్ సిలిండర్ కొత్త బాక్స్‌తో వచ్చింది, పెడల్ తొక్కితే ఆ ఆయిల్‌ని నెట్టే మాస్టర్ సిలిండర్ నిస్సాన్‌దే. ఈ ఆఖరి మాట గుర్తుంచుకోండి, సగం కథ అందులోనే ఉంది.

మొదటి వారం

ఆటోనగర్‌లో నాకు చాలా నేర్పిన పెద్ద ఉస్తాద్‌కి ఫోన్ చేశాను. ఆయన చెప్పింది ఒకటే: "బాక్స్ దించుడు ఆఖరి పని. ముందుగాల స్లేవ్ రాడ్ ఎంత నడుస్తుందో స్కేల్ పెట్టి చూడు." చాలామంది క్లచ్ విడవలేదనగానే బాక్స్ దించేస్తారు, ప్లేటు మారుస్తారు, ఎక్కించాక మళ్లీ అదే చప్పుడు. నాకూ స్పానర్ చేతికి తీసుకోవాలనే అనిపించింది. ఆయన మాట మీద ఆగాను.

మా బామ్మర్ది పెడల్ తొక్కుతుంటే నేను కింద పడుకుని కొలిచాను. స్లేవ్ రాడ్ 11 మి.మీ. నడిచింది. అది తక్కువో ఎక్కువో తెలియాలంటే ఎంత కావాలో తెలియాలి. దానికి ఇలా చేశాం. వెనక చక్రాలు రెండూ లేపి ఛాసిస్‌ని స్టాండ్ల మీద నిలబెట్టాం, ముందు చక్రాలకు అటూ ఇటూ చెక్క దిమ్మలు పెట్టాం, హ్యాండ్ బ్రేక్ వదిలాం. ఇంజన్ ఆపి ఉంది, బండి రెండో గేరులో ఉంది. స్లేవ్‌ని విప్పి పక్కన పెట్టి, అది కూర్చునే చోట ఒక పట్టీ బిగించి, పొడవాటి బోల్టుతో, రిలీజ్ బేరింగ్‌ని నెట్టే ఫోర్కుని కొద్దికొద్దిగా నెట్టాను. బాక్స్ నుంచి వెనక చక్రాలకు వెళ్లే ప్రొపెల్లర్ షాఫ్ట్‌ని బామ్మర్ది చేత్తో తిప్పుతూ ఉన్నాడు.

చక్రం పట్టుకుని తిప్పితే మోసపోతాం. రెండు చక్రాలూ గాల్లో ఉన్నప్పుడు ఒకదాన్ని తిప్పితే వెనక యాక్సిల్‌లోని డిఫరెన్షియల్ వల్ల రెండోది వెనక్కి తిరుగుతుంది, షాఫ్ట్ కదలకపోయినా క్లచ్ విడిచినట్టే ఉంటుంది. షాఫ్ట్‌నే పట్టుకోవాలి.

10 మి.మీ. దగ్గర షాఫ్ట్ కదల్లేదు. 13 దగ్గర కూడా లేదు. 15 మి.మీ. దగ్గర, "బావా, తిరుగుతుంది, కానీ కొంచెం టైట్‌గా ఉంది" అన్నాడు. ఆ 'కొంచెం టైట్' అన్న మాటని నేను పట్టించుకోలేదు. బాక్స్‌లో ఆయిల్ చిక్కగా ఉంటుంది, అందుకేలే అనుకున్నాను. రెండు వారాల తర్వాత ఆ మాటే తిరిగి నా దగ్గరికి వచ్చింది.

ఏదైతేనేం, లెక్క తేలింది. కావాల్సింది కనీసం 15, వస్తున్నది 11.

రెండో వారం

మాస్టర్ సిలిండర్ మీద 5/8 అని అచ్చు ఉంది. స్లేవ్ మీద 7/8. రెండూ అంగుళాల్లో లోపలి వ్యాసం. మాస్టర్ నెట్టిన ఆయిలే స్లేవ్‌ని నెడుతుంది కాబట్టి, స్లేవ్ ఎంత నడుస్తుందో రెండింటి వ్యాసాల వర్గాల నిష్పత్తి చెబుతుంది. 5 ఇంటు 5 ఇరవై ఐదు, 7 ఇంటు 7 నలభై తొమ్మిది. 25ని 49తో భాగిస్తే 0.51. నా మాస్టర్ రాడ్ 28 మి.మీ. నడుస్తోంది. అంటే ఒక్క చుక్క గాలి లేకపోయినా స్లేవ్ 14.3 మి.మీ. మించి నడవదు. ఎంత బ్లీడింగ్ చేసి ఆయిల్‌లోని గాలి తీసేసినా ఈ జంటతో 15 రాదు! ఈ లెక్క బాక్స్ కొన్న రోజే కాగితం మీద వేసి ఉండాల్సింది.

అయినా 14.3 రావాల్సిన చోట 11 ఎందుకు వస్తోందన్నది ఇంకో ప్రశ్న. కింద పడుకుని చూస్తే కారణం కళ్లెదుటే ఉంది. సైలెన్సర్ పైపు అడ్డం వస్తోందని స్లేవ్‌ని తిరగేసి బిగించాను. బ్లీడ్ నిప్పుల్ కింది వైపుకి వచ్చింది. గాలి పైకి పోతుంది, నిప్పుల్ కింద ఉంటే ఎన్నిసార్లు బ్లీడ్ చేసినా ఆయిలే వస్తుంది, గాలి లోపలే ఉండిపోతుంది. స్లేవ్‌ని విప్పి, నిప్పుల్ పైకి వచ్చేలా వంచి పట్టుకుని, పిస్టన్ బయటికి దూకకుండా చెక్క ముక్కతో అదిమి బ్లీడ్ చేశాం. పారదర్శక గొట్టంలో బుడగలు వరసగా వచ్చి, సన్నబడి, ఆగిపోయాయి. మళ్లీ కొలిస్తే 13.5. మిగతా తేడా పాత రబ్బరు హోస్‌ది: పెడల్ తొక్కినప్పుడు వేళ్లతో పట్టుకుంటే ఉబ్బడం తెలుస్తోంది. దాన్నీ మార్చేశాను. బ్రేక్ ఆయిల్ పెయింట్‌ని తినేస్తుంది, ఒలికితే వెంటనే నీళ్లు పోసి కడగండి.

ఇక మాస్టర్ ఏది వేయాలి? 3/4 వేస్తే స్లేవ్ 20.6 మి.మీ. నడుస్తుంది. అది చాలా ఎక్కువ. ప్రెషర్ ప్లేటు వేళ్లని అవసరానికి మించి నెట్టితే అవి లోపల క్లచ్ ప్లేటు హబ్‌కి తగలొచ్చు. పైగా పెడల్ బరువు 44 శాతం పెరుగుతుంది. సిటీ ట్రాఫిక్‌లో ఆ కాలు మనదే. 11/16 అయితే లెక్కకి 17.3 మి.మీ., బరువు 21 శాతమే పెరుగుతుంది. రాణిగంజ్‌లో 11/16 మాస్టర్ దొరికింది. పెడల్ బ్రాకెట్‌కి రంధ్రాలు కొంచెం సవరించి బిగించాను. ఇప్పుడు స్లేవ్ 16.5 నడుస్తోంది. పెడల్ కింద ఒక బోల్టుని అడ్డుగా వెల్డ్ చేయించి, అంతకు మించి పోకుండా చూసుకున్నాను. స్లేవ్ రాడ్‌కి 2 మి.మీ. ఖాళీ ఉంచాను (ఆ 15లో ఇది కలిసే ఉంది), లేకపోతే రిలీజ్ బేరింగ్ ఎప్పుడూ వేళ్లకి ఆనుకుని తిరిగి అరిగిపోతుంది.

మూడో వారం

పండగలా స్టార్ట్ చేశాం. రివర్స్ వేశాను. కర్రు. ముందంత గట్టిగా కాదు, సన్నగా, కానీ అదే చప్పుడు.

ఇక్కడ నాకు నిజంగా దిగులేసింది. లెక్క సరిపోయింది, కొలత సరిపోయింది, రోగం మాత్రం పోలేదు. రెండు రోజులు బండి జోలికి వెళ్లలేదు.

మూడో రోజు కూర్చుని, ఈ చప్పుడు ముందు దానికి ఎలా వేరో చూశాను. మొదటి వారంలో ఇంజన్ ఆన్‌లో ఉండగా క్లచ్ తొక్కి ఫస్ట్‌లో పెడితే బండి ముందుకు లాగేది, బ్రేక్ మీద కాలు ఉంచాల్సి వచ్చేది. ఇప్పుడు సమంగా ఉన్న చోట ఫస్ట్‌లో పెట్టి బ్రేక్ వదిలినా కదలడం లేదు. అంటే క్లచ్ ప్లేటు విడుస్తోంది. కానీ న్యూట్రల్‌లో క్లచ్ తొక్కి పట్టి 10 సెకన్లు ఆగి రివర్స్ వేసినా చప్పుడు తగ్గడం లేదు. ప్లేటు విడిచి ఉంటే ఆ 10 సెకన్లలో క్లచ్ నుంచి బాక్స్‌లోకి వెళ్లే ఇన్‌పుట్ షాఫ్ట్ తిరగడం ఆగిపోవాలి. రివర్స్‌కి గేర్ల వేగాన్ని సమం చేసే సింక్రో లేదు, షాఫ్ట్ తిరుగుతుంటే కర్రుమంటుంది. అంటే ప్లేటు కాకుండా ఇంకేదో ఆ షాఫ్ట్‌ని మెల్లగా తిప్పుతూనే ఉంది. బండిని లాగేంత బలం దానికి లేదు, కానీ ఖాళీ షాఫ్ట్‌ని తిప్పేంత ఉంది.

అలాంటిది ఒక్కటే. షాఫ్ట్ ముక్కు కూర్చునే పైలట్ బుష్. అది ఇంజన్ క్రాంక్‌తో పాటే తిరుగుతుంది, షాఫ్ట్‌ని గట్టిగా పట్టుకుంటే దాన్నీ తిప్పుతుంది. "కొంచెం టైట్‌గా ఉంది బావా" అన్నది ఇదే.

ఇప్పుడు బాక్స్ దించాను. ఈసారి ఎందుకు దించుతున్నానో తెలుసు కాబట్టి ఆ బరువు అంతగా అనిపించలేదు. షాఫ్ట్ ముక్కు మీద టార్చ్ వేసి చూస్తే, ఉక్కు రంగు మధ్యలో చుట్టూ రాగి రంగు పట్టీ. అగ్గిపుల్ల వెడల్పు. గోరు పెట్టి గీకితే పొడిలా రాలింది. గన్‌మెటల్ బుష్ అరిగి షాఫ్ట్‌కి అంటుకుంది.

తప్పు ఎవరిదో తేల్చుకోవాల్సిన చోటు ఇది. అడాప్టర్ ప్లేటు మధ్యకి లేకపోయినా బుష్ ఇలాగే పట్టేస్తుంది. ఫ్లైవీల్ మీద మ్యాగ్నెట్ స్టాండ్ పెట్టి, సన్నటి తేడాలు చూపే డయల్ గేజ్ ముల్లుని అడాప్టర్ రంధ్రం అంచుకి ఆనించి, ఇంజన్‌ని చేత్తో ఒక చుట్టు తిప్పాను. మొత్తం తేడా 0.12 మి.మీ. ఫర్వాలేదు. అంటే బుష్ రంధ్రమే చిన్నది.

నేను కొలిచి మరీ చేయించాను కదా? ఔను, కానీ ఫ్లైవీల్‌లోకి కొట్టక ముందు కొలిచాను. బయటి వ్యాసం బిగుతుగా ఉన్న బుష్‌ని లోపలికి కొడితే అది చుట్టూ నొక్కుకుపోయి లోపలి రంధ్రం కూడా చిన్నదవుతుంది. చేతిలో ఉన్నప్పుడు 0.05 మి.మీ. ఖాళీ ఉంది, కూర్చున్నాక అది దాదాపు పోయింది. బుష్ కొలత కొట్టాకే తీయాలి.

నాలుగో వారం

బుష్‌ని తీయడానికి పుల్లర్ అక్కర్లేదు. రంధ్రం నిండా గ్రీజు కూరి, అందులో సరిగ్గా పట్టే రాడ్ పెట్టి సుత్తితో కొట్టాను. గ్రీజుకి పోవడానికి దారి ఉండదు, వెనక నుంచి బుష్‌ని నెడుతుంది. రెండు దెబ్బలకి ఏమీ కాలేదు. ఇంకాస్త గ్రీజు కూరాను. ఐదో దెబ్బకి బుష్ అంచు గోరు మందం బయటికి వచ్చింది. తర్వాత సులువుగా వచ్చేసింది.

కొత్త బుష్ బయటి బిగుతు తగ్గించి చేయించాను. కొట్టాక, రంధ్రాన్ని సన్నగా గీకే రీమర్‌తో సరిచేసి 0.06 మి.మీ. ఖాళీ ఉంచాను. వేడికి ఆగే గ్రీజు వేలికొనతో సన్నటి పూత, అంతే. ఎక్కువైతే అది ఎగిరి క్లచ్ ప్లేటు మీద పడుతుంది, అప్పుడు ఇంకో రోగం. బాక్స్ ఎక్కించే ముందు క్లచ్ ప్లేటుని షాఫ్ట్ మీద చేత్తో ముందుకీ వెనక్కీ జరిపి చూశాను. ఎక్కడా పట్టలేదు.

బాక్స్ ఎక్కించి, చక్రాలు కిందికి దించక ముందే పాత పరీక్ష మళ్లీ చేశాం. రెండో గేరు, క్లచ్ నా కాలి కింద, ప్రొపెల్లర్ షాఫ్ట్ బామ్మర్ది చేతిలో. ఈసారి రెండు వేళ్లతో తిప్పాడు. "ఇప్పుడు ఫ్రీ ఉంది బావా."

స్టార్ట్ చేసి, క్లచ్ తొక్కి, మూడు లెక్కపెట్టి రివర్స్ వేశాను. టక్. నాన్న గేటు దగ్గర కుర్చీలో కూర్చుని వింటున్నారు. ఏమీ అనలేదు, లేచి వచ్చి క్యాబ్ తలుపు మీద చెయ్యి వేసి నిలబడ్డారు.

క్లచ్ జారుతుందేమోనని కూడా చూశాను. హ్యాండ్ బ్రేక్ లాగి నాలుగో గేరులో క్లచ్ మెల్లగా వదిలితే ఇంజన్ వెంటనే ఆగిపోయింది. మేడ్చల్ దాకా వెళ్లి వచ్చాం. పెడల్ బరువు మొదటి పది నిమిషాలు తెలిసింది, తర్వాత అలవాటైపోయింది. 200 కి.మీ. తిరిగాక రాడ్ ఖాళీ మళ్లీ కొలిచాను, 2 మి.మీ. అలాగే ఉంది. వేగం 50 దాటితే మాత్రం కాళ్ల కింద సన్నటి వణుకు. బాక్స్ వెనక్కి జరిగినందుకు ప్రొపెల్లర్ షాఫ్ట్‌ని కత్తిరించి వెల్డ్ చేయించాను, అది బ్యాలెన్స్ చేయించాలి. ఈ శనివారం దాన్ని విప్పుతున్నాను.