కత్తి మీద ఉల్లి ధర: కర్నూలు నుంచి కాస్‌ప్లే డైరీ

కాస్‌ప్లే అంటే కార్టూన్, సినిమా పాత్రల్లా వేషం కట్టడం. ఈసారి నాది తంజిరో వేషం. ‘డీమన్ స్లేయర్’ అనే ఆనిమే, అంటే జపాన్ యానిమేషన్ సిరీస్, చూసినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు: ఆకుపచ్చ, నలుపు గళ్ల హావోరీ (జపాన్ వాళ్ల పైకోటు), చెవులకు చీట్లలాంటి జూకాలు, నల్ల కత్తి. మా చెల్లెలిది తంజిరో చెల్లెలు నెజుకో వేషం. మా మామ కొడుకు ‘వన్ పీస్’ ఆనిమేలోని లూఫీ. వాడికి గడ్డి టోపీ, ఎర్ర చొక్కా ఉంటే చాలు కదా, పని ఎగ్గొట్టడంలో వాడు చిన్నప్పట్నుంచీ అంతే.

ఇలా వేషాలు కట్టినవాళ్లంతా కలిసే కన్వెన్షన్ హైదరాబాద్ హైటెక్స్ ఎగ్జిబిషన్ హాల్లో. ఇక్కడి నుంచి రెండొందల కిలోమీటర్ల పైమాట. అందుకే ఏది చేసినా ముందు బస్సులో నెత్తి మీదుండే సామాన్ల అరను తలచుకుని కొలతలు వేయాలి. పోయిన ఏడాది రెక్కలు చేసి, వాటిని నాలుగున్నర గంటలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నా. మళ్లీ ఆ తప్పు చేయదలచుకోలేదు.

మొదటి రెండు వారాలు: హావోరీ

గళ్లను ముక్కలు ముక్కలుగా కుట్టిద్దామని రాజ్‌విహార్ దగ్గర టైలర్‌ని అడిగితే, నన్ను ఎగాదిగా చూసి "ఇంకో షాపు చూసుకోప్పా" అన్నాడు. సరే అని ఆకుపచ్చ పాప్లిన్ మూడున్నర మీటర్లు తెచ్చి, సాదాగా కుట్టించి, గళ్లు నేనే అద్దుకున్నా. కుట్టించాకే అద్దాలి. ముందే అద్దితే కుట్టు దగ్గర గళ్లు కలవవు. ప్లాస్టిక్ షీటులో 9 సెంటీమీటర్ల చదరం కోసి అచ్చుగా పెట్టుకున్నా. ఫ్యాబ్రిక్ పెయింట్‌ని స్పాంజితో అద్దాలి. బ్రష్ అయితే రంగు అచ్చు కిందికి పాకుతుంది. 100 మి.లీ. సీసాలు నాలుగు పట్టాయి, గళ్లు దాదాపు 190. ఒక రోజు ఆరనిచ్చి లోపలి వైపు నుంచి ఇస్త్రీ చేస్తే ఉతికినా పోదు.

జపాన్‌లో ఈ గళ్లను ఇచిమట్సు అంటారు. 18వ శతాబ్దపు కబుకి (జపాన్ సంప్రదాయ నాటకం) నటుడు సనోగవా ఇచిమట్సు వేసుకోవడంతో ఆ పేరు వచ్చింది. 2020 టోక్యో ఒలింపిక్స్ చిహ్నంలోనూ ఇవే. ఇదంతా మా అవ్వకు చెప్పా. మొత్తం విని, "లుంగీ చింపి చొక్కా కుట్టిచ్చుకున్న్యావా?" అంది.

నెజుకో కిమోనోకు అమ్మ పాత గులాబీ రంగు చీర. దాని మీద జనపనార ఆకు డిజైన్, అసనోహా, తెల్ల మార్కర్‌తో చెల్లెలే గీసుకుంది. నోట్లో వెదురు మాత్రం ఫోమ్‌దే.

మూడో వారం: కత్తి

ఫోమ్ షీట్లు ఆన్‌లైన్‌లో కొంటే డెలివరీకే సగం డబ్బు పోతుంది. చెప్పుల సామాన్లు అమ్మే కొట్టులో ఈవీఏ షీటు దొరుకుతుంది, అదీ ఇదీ ఒకటే. అంటించే సొల్యూషన్ కూడా అక్కడే. రెండు వైపులా పల్చగా పూసి, పది పదిహేను నిమిషాలు ఆగి, వేలికి అంటనప్పుడు నొక్కాలి. తడి మీద అంటిస్తే ఎన్ని గంటలు పట్టుకున్నా ఊడుతుంది. ఆ వాసనకు తల తిరుగుతుంది, మిద్దె మీద చేసుకోండి.

జపాన్ లెక్కలో కత్తి అలుగు రెండు షాకులు దాటితేనే కటానా (పొడవు కత్తి). ఒక షాకు 30.3 సెంటీమీటర్లు. నాది 68 పెట్టా. రెండు 5 మి.మీ. ముక్కల మధ్య వెదురు బద్ద, పిడికి అరంగుళం పీవీసీ పైపు. బద్ద కొస పైపులోకి దిగుతుంది కాబట్టి పిడి ఊడదీసి బ్యాగులో పెట్టుకోవచ్చు. హీట్ గన్‌తో పైపైన కాస్త మెరుపు వచ్చేదాకా కాల్చి, నీళ్లు కలిపిన తెల్ల ఫెవికాల్ మూడు పూతలు వేశా.

ఇంతవరకూ బాగుంది. నల్ల అక్రిలిక్ అయిపోయింది, ప్రయాణానికి రెండు రోజులే ఉంది, బయట ముసురు. ఇంట్లో గేటుకు వేయగా మిగిలిన ఎనామెల్ డబ్బా కనబడింది. నిగనిగలాడుతూ వచ్చింది. పొద్దున ముట్టుకుంటే వేలికి అంటలేదు. ఆరిపోయిందనుకుని పేపర్లో చుట్టేశా.

ఆ రోజు

తెల్లారుజామున నాలుగు గంటల బస్సు. ఎంజీబీఎస్‌లో దిగి మెట్రో, అమీర్‌పేటలో మారి హైటెక్ సిటీ, అక్కణ్ణుంచి ఆటో. హాలు బయట పేపరు విప్పితే సగమే ఊడొచ్చింది. మిగతాది కత్తికి అతుక్కుపోయింది. గీకితే రంగు లేస్తోంది. చెల్లెలు కర్చీఫ్ తడిపి అరగంట రుద్దింది, చాలావరకు పోయింది. కానీ పిడికి కాస్త పైన గోరంత ముక్క మొండికేసింది. దాని మీద స్పష్టంగా ‘ఉల్లి క్వింటా’ అని ఉంది. మార్కెట్ యార్డు ధరల పేజీ! ధర మాత్రం చిరిగిపోయింది.

గేటు దగ్గర కత్తిని వంచి చూసి, ఫోమేనని ట్యాగు కట్టి పంపారు. లోపల జనమే జనం. ఎవరినైనా ఫోటో తీయాలంటే ముందు అడగాలి, ముట్టుకోకూడదు, అంతా బాగానే పాటించారు. నాతో దిగిన ఇంకో తంజిరో కత్తి చూసి "అన్నా, మీది కర్నూలా?" అన్నాడు. వాళ్లది ఎమ్మిగనూరట, వాళ్ల నాన్న ఉల్లి పండిస్తాడట. పది నిమిషాలు ఆనిమే వదిలేసి ఉల్లి ధరే మాట్లాడుకున్నాం.

నుదుటి మీద ఎడమ వైపు మచ్చకు కుంకుమ, కొబ్బరినూనె కలిపి పెట్టా. అది మాత్రం వద్దు. మధ్యాహ్నానికి కారి కనుబొమ్మలోకి దిగింది. జూకాలు విజిటింగ్ కార్డులకు లామినేషన్ చేసి చేసినవి, చెవికి బరువు తెలియలేదు. మధ్యాహ్నం తిండి లోపల కొంటే జేబుకు చిల్లే. మా అమ్మ కట్టిన పులిహోర బయటికొచ్చి చెట్టు కింద తిన్నాం.

వచ్చి మూడు రోజులైంది. రంగు ఇంకా జిగటగానే ఉంది, వంచిన చోట పగుళ్లు కూడా వచ్చాయి. దాన్ని ఉప్పుకాగితంతో గీకేసి మళ్లీ ఫెవికాల్ నుంచి మొదలుపెట్టాలి. ఈసారి అక్రిలిక్ రెండు డబ్బాలు ముందే తెచ్చి పెట్టా. ఆ ఉల్లి ముక్క ఉన్న చోట మాత్రం గీకొద్దంటోంది చెల్లెలు.