మొదటి పేజీని మీ చేత్తోనే రాయండి

వెబ్ డిజైన్ నేర్చుకోవాలని అనుకున్న మొదటి రెండు నెలల్లో నేను నేర్చుకున్నదానికన్నా పోగు చేసుకున్నదే ఎక్కువ. వీడియో పాఠాల జాబితాలు, బుక్‌మార్కులు, ఏది ముందు నేర్చుకోవాలన్న సలహాలు నా దగ్గర చాలానే చేరాయి గానీ, నేను స్వయంగా రాసిన పేజీ మాత్రం ఒక్కటీ లేదు. ఒక సాయంత్రం నోట్‌ప్యాడ్ తెరిచి, వెబ్ పేజీలను రాసే భాష అయిన హెచ్‌టీఎంఎల్‌లో పది లైన్లు రాసి, దాన్ని బ్రౌజర్‌లో తెరిచి చూసుకున్నాకే ఈ పని నాకు పట్టుబడడం మొదలైంది. అందుకే కొత్తగా మొదలుపెడుతున్నవారు ఎవరు అడిగినా, ఒక చిన్న పేజీని ఎంచుకుని, మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం వరకూ చేత్తోనే రాయమని చెబుతాను.

ఏది ముందు అన్న ప్రశ్నకు వెబ్ పుట్టిన క్రమమే మంచి సమాధానం. టిమ్ బెర్నర్స్-లీ 1989లో సెర్న్ పరిశోధన సంస్థలో వెబ్‌ను ప్రతిపాదించారు. అక్కడ వెలువడిన మొట్టమొదటి వెబ్‌సైటులో ఉన్నవి అక్షరాలూ లింకులూ మాత్రమే; రంగులూ హంగులూ లేని ఆ పేజీని ఈనాటి బ్రౌజర్‌లోనూ తెరిచి చదువుకోవచ్చు. రూపాన్ని విడిగా రాసుకోవడానికి సీఎస్ఎస్ అవసరమని హాకోన్ వియం లీ ప్రతిపాదించినది 1994లో కాగా, పేజీకి కదలికను తెచ్చిన జావాస్క్రిప్ట్‌ను బ్రెండన్ ఐక్ 1995లో తయారుచేశారు. ముందు విషయం, ఆ తర్వాత రూపం, చివరగా కదలిక అన్న ఈ వరుసలోనే నేర్చుకుంటే, ఒకదాని పనిని మరొకదానితో చేయించే అలవాటు మొదటి నుంచీ అంటకుండా ఉంటుంది.

నా మొదటి పేజీ తెలుగులో రాసుకున్నది కావడం వల్ల, పాఠాలు అంతగా పట్టించుకోని ఒక సంగతి నాకు మొదటి రోజే ఎదురైంది. బ్రౌజర్‌లో తెలుగుకు బదులు అర్థంలేని గుర్తులు బారులు తీరాయి. అక్షరాలను కంప్యూటర్ కోసం బైట్లుగా మార్చే యూటీఎఫ్-8 పద్ధతిలో 'తె' అన్న అక్షరంలోని హల్లుకు మూడు బైట్లు, దాని మీది ఎత్వానికి మరో మూడు బైట్లు పడతాయి. ఫైలు ఏ పద్ధతిలో ఉందో తెలియని బ్రౌజర్ ఆ ఆరు బైట్లనూ ఆరు వేర్వేరు లాటిన్ గుర్తులుగా చదివేసింది. కోడ్ పైన ఉండే హెడ్ భాగంలో మొట్టమొదటనే, పేజీ గురించి బ్రౌజర్‌కు చెప్పే మెటా ట్యాగ్‌తో క్యారెక్టర్ సెట్ యూటీఎఫ్-8 అని తెలపగానే అక్షరాలన్నీ కుదురుకున్నాయి. అయితే వాటికి మరో ఇబ్బంది మిగిలింది. 'స్త్రీ' వంటి మాటల్లో పైన గుడిదీర్ఘం, కింద వత్తులు ఉంటాయి కనుక, ఇంగ్లీషుకు సరిపోయే లైన్ హైట్ (ఒక్కో లైనుకు కేటాయించే ఎత్తు) పెడితే పై లైను వత్తులు కింది లైను గుడులకు తగులుతాయి. నేను దాన్ని అక్షరాల పరిమాణానికి 1.2 రెట్ల నుంచి 1.7 రెట్లకు మార్చుకున్నాను, కంటికి వెంటనే హాయిగా అనిపించింది.

సీఎస్ఎస్ దగ్గర కొత్తవారికి ఓర్పు నశించడానికి ముఖ్య కారణం, తప్పు జరిగినా అది నోరు విప్పకపోవడమేనని నా నమ్మకం. రంగును చెప్పే లైను చివర సెమీకోలన్ మరిచిపోతే, బ్రౌజర్ దాన్ని కింది లైనుతో కలిపి ఒకటిగా చదివి, అర్థం కాక రెండింటినీ వదిలేస్తుంది. నేను అక్షరాల పరిమాణం ఎందుకు మారడం లేదని గంటసేపు ఆ లైనునే చూస్తూ కూర్చున్నాను. తప్పేమో దాని పై లైనులో ఉంది. ఎఫ్12 నొక్కి, బ్రౌజర్ పేజీని ఎలా చదివిందో చూపే డెవలపర్ టూల్స్ తెరవడం నేర్చుకున్నాక, బ్రౌజర్ వదిలేసిన లైన్లు కొట్టివేతతో కనిపించసాగాయి. ఏ పాఠానికన్నా ముందు ఈ ఒక్క కిటికీని తెరిచి చూసే అలవాటు చేసుకోండి.

సీఎస్ఎస్ పేజీలోని ప్రతి భాగాన్నీ ఒక పెట్టెగా చూస్తుంది; ఆ పెట్టెల కొలతలు కూడా అక్కడే అర్థమవుతాయి. వెడల్పు 300 పిక్సెళ్లని రాసిన పెట్టెకు చుట్టూ 20 పిక్సెళ్ల ప్యాడింగ్ (లోపలి ఖాళీ), 2 పిక్సెళ్ల బోర్డర్ (అంచు గీత) ఇస్తే, తెర మీద అది ఆక్రమించేది 344 పిక్సెళ్లు, ఎందుకంటే మనం చెప్పిన వెడల్పు లోపలి విషయానికి మాత్రమే వర్తిస్తుంది. చెరో 50 శాతం వెడల్పుతో పక్కపక్కన నిలవాల్సిన రెండు పెట్టెల్లో ఒకటి కిందికి జారిపోవడానికి చాలాసార్లు కారణం ఇదే. పెట్టె కొలతను ఎలా లెక్కించాలో చెప్పే బాక్స్ సైజింగ్‌ను బోర్డర్ బాక్స్‌గా మారిస్తే ప్యాడింగ్, బోర్డర్ ఆ 300లోనే ఇముడుతాయి. ఈ లెక్కను కాగితం మీద ఒక్కసారి స్వయంగా వేసుకున్నవారు దాన్ని మళ్లీ మరిచిపోరు.

తప్పులను బయటపెట్టే విషయంలో సీఎస్ఎస్ కన్నా జావాస్క్రిప్ట్ నయం; తప్పు ఏ లైనులో ఉందో డెవలపర్ టూల్స్‌లోని కన్సోల్‌లో చెబుతుంది. ఒక బటన్ నొక్కితే ఒక పేరా దాగి, మళ్లీ నొక్కితే కనిపించేలా చేయగలిగితే మొదటి నెలకు అది చాలు. ఇతరులు ముందే సిద్ధం చేసిన కోడ్ చట్రాలైన ఫ్రేమ్‌వర్కుల జోలికి అప్పుడే వెళ్లవద్దు. ఎక్కడి నుంచైనా కోడ్ తెచ్చుకుంటే, ఒక్కో లైను తీసేస్తూ పేజీలో ఏం మారుతుందో చూడండి. ఏమీ మారకపోతే ఆ లైను మీకు అక్కరలేదు.

పేజీ సిద్ధమయ్యాక దాన్ని తప్పకుండా, ఇంటర్నెట్‌లో అందరికీ పేజీలు అందించే కంప్యూటర్ అయిన సర్వర్‌కు ఎక్కించండి, ఎందుకంటే మన కంప్యూటర్‌లో బయటపడని తప్పులు అక్కడ బయటపడతాయి. నా పేజీలోని ఫొటో సర్వర్‌లో కనిపించలేదు. ఫైలు పేరు పెద్ద అక్షరంతో మొదలవుతుండగా, కోడ్‌లో నేను చిన్న అక్షరం రాశాను. విండోస్ ఆ తేడాను పట్టించుకోలేదు, లినక్స్ సర్వర్ పట్టించుకుంది. అది సరిచేసి ఫోన్‌లో తెరిస్తే, పేజీ మొత్తం చీమల బారులా కనిపించింది. పేజీ కనిపించే తెర భాగమైన వ్యూపోర్ట్ గురించి చెప్పే మెటా ట్యాగ్ లేనప్పుడు, ఫోన్ బ్రౌజర్ తన తెర సుమారు 980 పిక్సెళ్ల వెడల్పు ఉన్నట్టు భావించి, పేజీని అంతటికీ పరిచి, ఆపై కుదించి చూపిస్తుంది. ఆ ట్యాగ్ చేర్చి మళ్లీ తెరిచాను. ఫొటో, దాని కింద తెలుగు పేరాలు, వత్తులు ఒకదానికొకటి తగలని లైన్లు, వేలితో నొక్కగలిగిన బటన్, అన్నీ ఆ చిన్న తెరలో వాటి వాటి చోట్ల ఉన్నాయి.