గట్టిమేళం వినిపించేలోపు

పెళ్లి ఫోటోగ్రాఫర్‌కి కళ్లకంటే చెవులు ముఖ్యం అంటే మా కుర్రాళ్లు నవ్వుతారు. అర్ధరాత్రి ముహూర్తం, మండపం చుట్టూ చుట్టాలు మూగేసి, పెళ్లికూతురి పూలజడ తప్ప ఇంకేమీ కనపడనప్పుడు నన్ను కాపాడేది సన్నాయి మేళమే. అప్పటిదాకా ఏదో కీర్తన తాపీగా సాగుతుంటుంది. డోలు ఆయన పంతులుగారి చేతివైపు చూడటం మొదలుపెట్టాడంటే టైమ్ దగ్గరపడిందని అర్థం. పంతులుగారు చెయ్యెత్తగానే గట్టిమేళం. జీలకర్ర బెల్లం పెట్టడం, తెర దించడం, ఒకళ్లనొకళ్లు చూసుకోవడం, అన్నీ చూస్తుండగానే అయిపోతాయి.

అందుకే హాల్లోకి వెళ్లగానే నేను ముందు పలకరించేది పంతులుగారిని, ఆ తర్వాత డోలు ఆయన్ని. "తెర కాస్త కిందికి పట్టించండి గురువుగారూ, ఇద్దరి చేతులూ పడాలి" అంటాను. "నీ ఫోటో కోసం ముహూర్తం ఆగదు నాయనా" అంటూనే, తెర తీయించేముందు ఒక్కసారి నావైపు చూసే పంతుళ్లున్నారు. వాళ్లు చేయించే పెళ్లయితే నాకు సగం టెన్షన్ తగ్గినట్టే. మిగతా సగం సెల్‌ఫోన్లు పట్టుకుని నా ముందుకు దూరే బాబాయిలది. వాళ్లనేం అనలేం, పెళ్లి వాళ్లది.

నేను పని నేర్చుకున్నది రాజమండ్రిలో, రీలు కెమెరాల రోజుల్లో. రీలుకి 36 ఫోటోలు. మా మాస్టారు పెళ్లికిన్ని అని లెక్కపెట్టి చేతికిచ్చేవారు. సగం గ్రూపు ఫోటోలకే పోయేవి. మధ్యలో ఎవరైనా "బాబూ, మా బుడ్డోడిని కూడా ఒకటి తియ్యి" అంటే కాదనలేం, రీలూ ఖర్చు చెయ్యలేం. ఫ్లాష్ వెనక టెస్ట్ బటన్ ఉంటుంది. అది నొక్కితే ఫ్లాష్ వెలుగుతుంది, ఫోటో పడదు. బుడ్డోడు నవ్వేవాడు, వాళ్లమ్మ సంతోషంగా భోజనాలకి వెళ్లేది. ఆ కాలం స్టూడియోల్లో చాలామందికి తెలిసిన రహస్యమే ఇది. ఇప్పుడు కార్డులో వేలకొద్దీ పడతాయి కాబట్టి ఆ అవసరం లేదు. కాకపోతే మూడు వేల ఫోటోలు పెన్‌డ్రైవ్‌లో ఇచ్చి "ఆల్బమ్‌కి సెలెక్ట్ చెయ్యండి" అంటే, పెళ్లికూతురు పురిటికి పుట్టింటికొచ్చినా ఆ సెలెక్షన్ అవ్వదు.

వెలుగు గోల వేరే. మన కరెంటు 50 హెర్ట్జ్. చవకరకం ఎల్‌ఈడీ లైట్లు సెకనుకి 100 సార్లు మినుకుమంటాయి. కంటికి తెలియదు గానీ షట్టర్ స్పీడు బాగా పెంచితే ఫోటోలో అడ్డంగా చారలు పడతాయి. సెకనులో నూరో వంతు దగ్గర పెడితే చారలు పోతాయి, కానీ తలంబ్రాలు గాల్లో గీతల్లా సాగిపోతాయి. అక్కడ ఫ్లాష్ వాడాల్సిందే. ఆ మెరుపు ఎంత చిన్నదంటే గింజ గింజా ఆగిపోయినట్టు పడుతుంది. ఇక మధుపర్కాలు కట్టుకుని ఇద్దరూ పీటల మీద కూర్చున్నాక, అంత తెల్లబట్ట చూసి కెమెరా వెలుగు ఎక్కువైందనుకుని తగ్గించేస్తుంది. మొహాలు నల్లబడతాయి. మనమే కాస్త పెంచుకోవాలి. వీటన్నిటికీ అలవాటుపడ్డాను కానీ తలంబ్రాల్లో కలిపే థర్మాకోల్ గుళ్లకి మాత్రం అలవాటుపడలేకపోతున్నాను. బియ్యం, ముత్యాలు ఉండాల్సిన చోట అవేంటి? లెన్స్ హుడ్‌లో దూరతాయి, కెమెరా బ్యాగులో దూరతాయి, వారం తర్వాత కూడా ఇంట్లో తిరుగుతుంటాయి.

అప్పగింతలప్పుడు ఫ్లాష్ వెయ్యను. పెళ్లికూతురి చేతులు పాలలో ముంచి అత్తగారి చేతుల్లో పెడుతుంటే, ఆ మొహాల మీదికి తెల్లటి మెరుపు కొట్టడం నాకు నచ్చదు. వెలుగు చాలక ఫోటోలో గ్రెయిన్, అంటే ఇసక చల్లినట్టు చుక్కలు, వస్తే వచ్చింది. ఒకసారి పక్కన వీడియో తీసే అబ్బాయి "ఫోకస్ పోయిందమ్మా, మళ్లీ ఒకసారి నాన్నగార్ని పట్టుకుని ఏడవండి" అన్నాడు. ఆ అమ్మాయి అంత ఏడుపులోనూ ఫక్కున నవ్వేసింది. ఆ నవ్వు నాకు దొరికింది. ఆల్బమ్‌లో మాత్రం పెట్టనివ్వలేదు, అప్పగింతల్లో నవ్విందంటే అత్తారింట్లో ఏమనుకుంటారోనని.

నేను బాగుందనుకునే ఫోటో, ఇంటివాళ్లు బాగుందనుకునే ఫోటో దాదాపు ఎప్పుడూ ఒకటి కావు. వరుసలో ఎదురుచూస్తూ అక్షింతలు గుప్పిట్లో పట్టుకుని నిద్రపోయిన తాతగారు, వంటశాల గుమ్మంలో గరిటె పట్టుకుని మండపంవైపు తొంగిచూస్తున్న వంటాయన, ఇలాంటివి నేను తీస్తూనే ఉంటాను. ఆల్బమ్‌కి ఒక్కటీ ఎంచుకోరు. కొన్నేళ్లకి ఫోన్ వస్తుంది. "మా పెళ్లిలో తాతయ్య ఫోటో ఏదైనా ఉందా అన్నయ్యా? దినానికి ఫ్లెక్సీ వెయ్యాలి." నా దగ్గర తాతగారు పకపకా నవ్వుతున్నది ఉంటుంది, అద్భుతంగా ఉంటుంది. వాళ్లు అడిగేది సూటిగా చూస్తున్నది, కండువా సరిగ్గా ఉన్నది. గ్రూపు ఫోటోలోంచి కత్తిరించి ఇస్తాను. మొదట్లో వాదించేవాణ్ణి, ఇప్పుడు రెండూ పంపుతాను.

తెల్లవారుజామున ముహూర్తం అయ్యాక ఇంటికెళ్తే నిద్ర రాదు. అలాంటప్పుడు బండి కడియపులంక పూలమార్కెట్ వైపు తిప్పుతాను. హైవే పక్కనే. బంతి, చేమంతి, లిల్లీ, కనకాంబరాలు బస్తాలకి బస్తాలు దిగుతుంటాయి, అరుపులు, బేరాలు, కాటాలు. అప్పుడే వదిలొచ్చిన మండపంలోని పూలు కూడా ఇలా బస్తాల్లోంచి వచ్చినవే. అక్కడ ఫ్లాష్ లేదు, లైట్ బాయ్ లేడు. ఒక్క 35 ఎంఎం లెన్స్, అంతే. మనుషులు పనిలో ఉంటారు కాబట్టి నన్ను పట్టించుకోరు. పెళ్లిలో వంటాయన్ని చూసే కన్ను నాకు ఇక్కడే వచ్చిందని నా నమ్మకం.

అడక్కుండా దగ్గర్నుంచి తియ్యను. మూరలు కొలిచి అమ్మే ఒకావిడ "తల కూడా దువ్వుకోలేదు, నన్ను తీసి ఏం చేసుకుంటావు బాబూ" అంది. "మరోసారి దువ్వుకుని రండి, అప్పుడు తీస్తాను" అన్నాను. మళ్లీ వెళ్లినప్పుడు నిజంగానే దువ్వుకుని, తన బుట్టలోంచే కనకాంబరాలు పెట్టుకుని, స్టూడియోలోలా బిగుసుకుని నిలబడింది. తీశాను. నేననుకున్న ఫోటో కాదు, కానీ ఆవిడ అనుకున్నది అదే.

మూఢం వచ్చిందంటే మాకు ముహూర్తాలుండవు, డబ్బులూ ఉండవు. ఖాళీగా ఉన్నప్పుడు మార్కెట్లో తీసినవి ప్రింట్లు వేయించి పంచిపెట్టి వస్తుంటాను. మొన్న నెత్తిమీద బంతిపూల బస్తాతో, ఒంటినిండా పసుప్పచ్చ రేకులతో, అప్పుడే వస్తున్న ఎండలో నడిచొస్తున్న జట్టు కూలీ ఒకాయనకి పన్నెండు పద్దెనిమిది సైజులో ప్రింటు ఇచ్చాను. ఈ ఏడాది తీసినవాటిలో నాకు బాగా నచ్చినదదే. చాలాసేపు చూసుకున్నాడు. మొహం మీద వేలుపెట్టి, "ఇది బాగా పడిందండీ. ఈ బస్తా, ఈ పూలు తీసేసి, వెనకాల నీలం రంగు వేసి పాస్‌పోర్టు సైజువి ఓ ఎనిమిది ఇవ్వగలరా? బ్యాంకులో అడుగుతున్నారు" అన్నాడు.

ఇచ్చాను. డబ్బులు తీసుకోమని పట్టుబడితే పావుకిలో చేమంతులు పుచ్చుకున్నాను.