ఇంటి నంబరు కళ్ళకి కనిపిస్తుంది, వెతికితే దొరకదు: సర్వర్ మార్పిడిలో నా అనుభవం

సర్వర్ మార్చడం మాత్రం ఇట్టే అయిపోయింది. మా పాత సర్వర్‌లోని ఆపరేటింగ్ సిస్టమ్ సెంటాస్ 7కి 2024 జూన్ 30తో సపోర్ట్ ఆగిపోయింది కాబట్టి ఎప్పటికైనా మార్చక తప్పదు. మా ఊళ్ళో కేబుల్, ఇంటర్నెట్ కనెక్షన్లు ఇచ్చే ఒక సంస్థకి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ నేను చూస్తుంటాను. హోస్టింగ్ వాళ్ళ కుర్రాడు రాకీ లైనక్స్ 9 అనే కొత్త సిస్టమ్ మీద అదే పోస్ట్‌గ్రెస్ 13 డేటాబేస్ ఎక్కించి, పాత సర్వర్‌కి రెప్లికా (ఎప్పటికప్పుడు తాజాగా ఉండే నకలు) కట్టి, రాత్రికి రాత్రి దాన్నే అసలు సర్వర్‌గా చేసేశాడు. "డౌన్‌టైమ్ లేనట్టే అన్నా" అని మెసేజ్ కూడా పెట్టాడు.

తెల్లారి కౌంటర్లో గొడవ మొదలైంది. బిల్లు కట్టడానికి వచ్చిన రిటైర్డ్ మాస్టారు ఒకాయన డోర్ నంబరు 4-11 అని చెప్పారు. కౌంటర్లో అమ్మాయి కొట్టి చూసి, ఆ నంబరు మీద కనెక్షనే లేదంది. "ఏళ్ళ తరబడి కడుతున్నానమ్మా, ఇవాళ లేనంటావేంటి?" అని ఆయన పాత రసీదు చూపించారు. పక్కింటి 4-12 చక్కగా వస్తోంది. 4-11 రాదు. ఆ పిల్ల మాత్రం ఏం చేస్తుంది? కొత్త కనెక్షన్ కింద ఆయన్ని మళ్ళీ నమోదు చేసింది. సాఫ్ట్‌వేర్ కిక్కురుమనకుండా ఒప్పుకుంది. ఒక డోర్ నంబరుకి ఒకే ఖాతా ఉండాలని డేటాబేస్‌లోనే నియమం ఉంది. ఆ నియమాన్ని దాటి రెండో 4-11 ఎలా దూరిందో చూసి నాకు మతిపోయింది.

సాయంత్రానికి ఇలాంటివి చాలా పోగయ్యాయి. ఓనర్‌గారు పిలిచారు. వసూళ్ళ కుర్రాళ్ళందరూ అక్కడే ఉన్నారు. అకౌంటెంట్‌గారు మొదలుపెట్టారు: "నేను మొదట్నుంచీ చెప్తున్నా సార్, పేర్లు తెలుగులో పెట్టొద్దని. ఈయన వినలేదు. ఇప్పుడు కంప్యూటర్ తికమకపడుతోంది." ఓనర్‌గారు నా వైపు తిరిగి, తెలుగు తీసేస్తే సెట్ అయిపోతుందా అని అడిగారు. కుర్రాళ్ళు నవ్వుకున్నారు. దొరకనిది డోర్ నంబరండీ, అందులో తెలుగు అక్షరం ఒక్కటీ లేదు, అంకెలూ అడ్డగీతలే అని చెబితే వినే నాథుడు లేడు. మన దగ్గర ఎక్కడ ఏది పాడైనా ముందు అనుమానం తెలుగు మీదకే పోతుంది. ఫాంటు అంటారు, కీబోర్డు అంటారు. ఇంగ్లీషు పెట్టుకున్నవాడి డేటా ఎప్పుడూ పాడవనట్టు!

ఆ రాత్రి కూర్చున్నాను. నేరుగా 4-11కి సమానమైన వరుస ఇమ్మంటే శూన్యం. "ఎక్కడైనా సరే 4-11 ఉన్న వరుసలు" అని లైక్‌తో, అంటే వరుసలన్నీ ఒక్కొక్కటే చూసేలా, అడిగితే వెంటనే వచ్చింది. అంటే డేటా భద్రంగానే ఉంది, ఇండెక్స్ (త్వరగా వెతకడానికి డేటాబేస్ క్రమంలో పేర్చుకునే జాబితా) అబద్ధం చెబుతోంది. యామ్‌చెక్ అనే ఎక్స్‌టెన్షన్ పెట్టి ఇండెక్స్‌ని పరీక్షిస్తే, లోపలి క్రమం తప్పిందని ఎర్రర్ ఇచ్చింది.

క్రమం ఎందుకు తప్పింది? ఇదే నన్ను తిప్పలు పెట్టిన ముడి. రెండు పదాల్లో ఏది ముందు, ఏది వెనక అన్నది పోస్ట్‌గ్రెస్ చాలాచోట్ల సొంతంగా తేల్చదు. ఆపరేటింగ్ సిస్టమ్‌లోని జీలిబ్‌సీ అనే లైబ్రరీని అడుగుతుంది. మా డేటాబేస్ లోకేల్ (ఏ భాష క్రమం పాటించాలన్న సెట్టింగ్) అమెరికన్ ఇంగ్లీషు, పాత సర్వర్ సెట్టింగ్‌లోంచి వచ్చింది. సెంటాస్ 7లో ఉన్నది జీలిబ్‌సీ 2.17. 2018 ఆగస్టులో వచ్చిన 2.28లో ఈ క్రమం పట్టికలన్నీ మార్చేశారు. రాకీ 9లో ఉన్నది 2.34. పాత పద్ధతిలో అడ్డగీతని ముందు లెక్కలోకి తీసుకోరు, మిగతావన్నీ సమానమైతేనే చివర్లో చూస్తారు. అందుకని 1-11, 11-1, 111 ఒకదాని పక్కన ఒకటి కూర్చునేవి. కొత్త పద్ధతిలో అడ్డగీత కూడా ఒక అక్షరమే, అంకెల కంటే ముందు వస్తుంది. సులువుగా పరీక్షించాలంటే 11, 1-1 అనే రెండు లైన్లని సార్ట్ కమాండ్‌కి ఇవ్వండి. పాతది 11ని ముందు పెడుతుంది, కొత్తది 1-1ని ముందు పెడుతుంది.

ఇండెక్స్ డిస్క్ మీద పాత వరుసలోనే ఉంది. వెతికేవాడు మాత్రం కొత్త వరుస నమ్ముకుని కుడికో ఎడమకో తిరుగుతున్నాడు. పాత గుమాస్తా తన లెక్కలో సర్దిన బీరువాలో కొత్త గుమాస్తా తన లెక్కతో ఫైలు వెతికినట్టు. కొన్ని అదృష్టం కొద్దీ దొరుకుతాయి, కొన్ని దొరకవు. పాత 4-11 కనబడనప్పుడు కొత్త 4-11ని ఏ నియమం అడ్డుకుంటుంది? ఇక డోర్ నంబర్లలో ఇన్నేసి గీతలు పెట్టుకునే ఊళ్ళు మనవి. 8-2-120/4 లాంటి నంబర్లున్న పట్టికకి ఇంతకంటే పెద్ద దెబ్బ ఉండదు.

ఆ కుర్రాడు డేటాని పీజీ డంప్‌తో బయటికి తీసి కొత్త సర్వర్‌లో ఎక్కించి ఉంటే ఇండెక్స్‌లన్నీ అక్కడ కొత్తగా కట్టుకునేవి, ఈ బాధే ఉండేది కాదు. రెప్లికా అంటే ఫైళ్ళ నకలు, ఇండెక్స్ ఉన్నదున్నట్టు వస్తుంది. ఈ సంగతి చెబితే "అందరికీ ఇలాగే చేస్తాం బ్రో, ఎవరూ కంప్లైంట్ చేయలేదు" అన్నాడు. అన్నా కాస్తా బ్రో అయిపోయాను. ఆ అందరూ ఇంకా చూసుకోలేదేమో! పోస్ట్‌గ్రెస్ 15 నుంచి డేటాబేస్ కొలేషన్ (అక్షరాల క్రమం నియమాలు) వెర్షన్ తేడా ఉంటే హెచ్చరిక వస్తుంది. మా 13లో డిఫాల్ట్ కొలేషన్‌కి ఆ సదుపాయం లేదు.

బాగుచేయడం రీఇండెక్స్ (ఇండెక్స్‌ని మళ్ళీ కట్టమనే కమాండ్) అన్నంత తేలిక కాదు. జంట నంబర్లుంటే యూనిక్ ఇండెక్స్ (ఒక్కో నంబరు ఒక్కసారే ఉండాలనేది) కట్టనంటుంది. ముందు ఇండెక్స్‌ని వాడి వెతికే ఇండెక్స్ స్కాన్, ఇండెక్స్ ఓన్లీ స్కాన్, బిట్‌మ్యాప్ స్కాన్ మూడూ ఆపేసి జంటల్ని పట్టుకోవాలి. ఆపకుండా వెతికితే ఆ చెడిన ఇండెక్స్‌నే సాక్ష్యం అడిగినట్టవుతుంది. జంటల్ని కలిపాక రీఇండెక్స్. డోర్ నంబరు ఒక్కటే కాదు, అక్షరాల కాలమ్ మీదున్న ప్రతి ఇండెక్స్‌కీ చేయాలి.

పనిలో పనిగా డోర్ నంబర్ల కాలమ్‌ని "సి" కొలేషన్‌కి మార్చేశాను. అది బైట్లని బైట్లుగా పోలుస్తుంది, ఏ భాష నియమమూ అడగదు, జీలిబ్‌సీ మారినా మారదు. పైగా వేగం. సార్టింగ్‌లో పోస్ట్‌గ్రెస్ వాడే పొట్టి కీల (పదం మొదటి ముక్కతోనే ముందు పోల్చి చూసే) కిటుకు జీలిబ్‌సీ కొలేషన్లకి 2016లోనే ఆపేశారు, సి కొలేషన్‌కి ఉంది. "4-1"తో మొదలయ్యేవన్నీ చూపించు అన్నా ఇప్పుడు మామూలు ఇండెక్సే పనికొస్తుంది. కౌంటర్ స్క్రీన్ ఇంత చురుగ్గా ఎప్పుడూ లేదు, ఈ మాట నేనన్నది కాదు, కౌంటర్లో అమ్మాయే అంది.

అయితే సి వరుసలో 1-10 వచ్చాక 1-2 వస్తుంది. వసూళ్ళ కుర్రాళ్ళకి వీధి వరుస కావాలి కదా. ఆ లిస్టు తీసేటప్పుడు మాత్రం ఐసీయూ (భాషల క్రమం తెలిసిన ఇంకో లైబ్రరీ) తెలుగు కొలేషన్‌కి అంకెల్ని అంకెలుగా చూసే ఆప్షన్ జోడించి వాడుతున్నాను. తెలుగు పేర్ల వరుసకీ అదే. రాజ్‌కుమార్ లాంటి పేర్లలో ఒకరు మధ్యన కనబడని నాన్ జాయినర్ (అక్షరాలు వత్తుగా కలవకుండా ఆపే గుర్తు) కొడతారు, ఇంకొకరు కొట్టరు. సి పద్ధతిలో ఆ రెండూ చెరో చోటికి పోతాయి, ఐసీయూ పక్కపక్కన పెడుతుంది. ఐసీయూ క్రమం కూడా వెర్షన్‌తో మారొచ్చు కాబట్టి దాన్ని లిస్టు చూపించడానికే వాడండి, యూనిక్ ఇండెక్స్‌లో పెట్టకండి. ఎవరైనా మీ సర్వర్ మారుస్తామంటే రెండు వైపులా జీలిబ్‌సీ వెర్షన్ ఎంతో ముందు రాయించుకోండి. ఫోన్లో చెబితే ఒప్పుకోవద్దు.

పేర్లు తెలుగులోనే ఉన్నాయి. జంట ఖాతాలు ఇంకొన్ని మిగిలాయి. కొత్త ఖాతాలో కట్టించుకున్న డబ్బు పాత ఖాతాకి ఎలా మార్చాలో అకౌంటెంట్‌గారు చెప్పాలి. ఆయన సోమవారం దాకా సెలవు.