సోక్రటీసుకు శిక్ష వేయించింది నేనే

"బడి రోజులన్నీ రాయి, రెండు పేజీలు దాటకు" అని మన బడి పాత విద్యార్థుల కలయిక సంచిక కమిటీ తరఫున అరిటాకు (మనకు అసలు పేర్లకంటే మారుపేర్లే గుర్తు) ఫోన్లో హుకుం జారీ చేశాడు. అన్నీ రాయడం నా వల్ల కాదు. ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల్లో నేనూ మీతోనే ఉన్నానని హాజరు పట్టీ చెబుతోంది కాబట్టి నమ్ముతున్నాను. పదో తరగతి కొబ్బరికాయల సంగతి ఎలాగూ బుల్లెట్ రాస్తాడు. నాకు మిగిలింది తొమ్మిదో తరగతిలోని సెప్టెంబర్ 5.

ఆ ఏడాది మనం దండలు, శాలువా సిద్ధం చేసుకుని కూర్చున్నాం. సోషల్ మాస్టారు వచ్చి కళ్లజోడు తుడుచుకుంటూ మొదలుపెట్టారు. "1921లో రాధాకృష్ణన్ గారు మైసూరు వదిలి కలకత్తా వెళ్తుంటే, శిష్యులు పూలు కట్టిన బండిని స్టేషన్ దాకా తామే లాగారు. ఆయన తత్త్వశాస్త్రం చెప్పిన మాస్టారు. క్రీ.పూ. 399లో గ్రీకు నగరం ఏథెన్సులో తత్త్వం చెప్పిన ఇంకో పెద్దాయన సోక్రటీసుకు ఆ ఊరు విచారణ జరిపి విషం తాగించింది. దండలు తర్వాత వేద్దురు గాని, ముందు ఈ రెండోది ఎందుకు జరిగిందో తేల్చండి."

సోక్రటీసు జీతం పుచ్చుకోలేదు, ఒక్క పుస్తకమూ రాయలేదు అనగానే నోట్సు రాయని వెనక బెంచీ మొత్తం సోక్రటీసు పక్షం చేరిపోయింది. ఆ విచారణనే మనం ఆడి చూడాలన్నారు మాస్టారు. ముద్దాయి వేషం రేడియోకు దక్కింది. ఎవరు కనబడితే వాళ్లను ఆపి ప్రశ్నలడిగి విసిగించేవాడు మనలో ఇంకెవరున్నారు? ఫిర్యాదీ మెలెటస్ వేషం నాకు వచ్చింది. చర్మాల వ్యాపారమున్న రాజకీయ నాయకుడు అనైటస్‌గా అరిటాకు, వక్త లైకాన్‌గా బుల్లెట్.

మాస్టారు ఏర్పాట్లన్నీ పక్కాగా చేశారు. ఆ కోర్టులో న్యాయమూర్తి లేడు, లాయర్లు లేరు. ఎవరి వాదన వాళ్లే వినిపించుకోవాలి. సుమారు 500 మంది పౌరులు రోజుకూలి తీసుకుని కూర్చుని విని, తమలో తాము చర్చించుకోకుండానే ఓటేస్తారు. అంత మందిని ఎక్కడ తెస్తాం? ఎనిమిదో తరగతి రెండు సెక్షన్లనూ చింతచెట్టు కింద కూర్చోబెట్టారు. వాదనకు గడియారం నీళ్ల కుండ. అడుగున చిల్లు పెట్టి, నీళ్లు అయిపోగానే నోరు మూయించేవారు. రేడియో నోరు వేళకు మూతపడటం బడి చరిత్రలో అదే మొదలు. ఓటుకు అక్కడ కంచు బిళ్లలు వాడేవారు, నడిమి కడ్డీ గట్టిదైతే ఒక పక్షానికి, బోలుదైతే రెండో పక్షానికి. మనకు చింతపిక్కలు: అరగదీసినది దోషి, అరగదీయనిది నిర్దోషి. వేళ్లతో మూసి పట్టుకుంటే పక్కవాడికి తెలియదు.

ఏథెన్సులో ఆడవాళ్లకు ఓటు లేదని మాస్టారు చెప్పగానే మిరపకాయ లేచి నిలబడింది. ఆ తర్వాత ఏం జరిగిందో మీకు తెలుసు. ఆడపిల్లలందరికీ పిక్కలు పంచిన తర్వాతే విచారణ మొదలైంది.

నేరాలు రెండు: నగర దేవతలను ఒప్పుకోకపోవడం, యువకులను చెడగొట్టడం. మొదటిదాన్ని నేను పట్టించుకోలేదు, జనానికి కోపం తెప్పించేది రెండోదేనని అప్పుడే అనిపించింది. ఊరిని ముంచిన ఆల్సిబయాడీస్, ఏథెన్సును కొన్నాళ్లు ఏలిన ముప్పైమంది నియంతల్లో ఒకడైన క్రిటియాస్ ఆయన వెంట తిరిగినవాళ్లే. పేర్లెత్తబోతే మాస్టారు ఆపారు. పాత రాజకీయ నేరాలు తవ్వకూడదని క్రీ.పూ. 403లో వాళ్లు రాజీ ఒప్పందం చేసుకున్నారట. అందుకని నేను "ఈయన దగ్గర కూర్చుని లేచినవాళ్లు ఎవరెవరో మీకు తెలియనిదా?" అని ఊరుకున్నాను. ఎనిమిదో తరగతికి ఆ పేర్లేవీ తెలియవు, అయినా అందరూ తలలూపారు.

స్వల్ప తేడాతో గెలిచాను. అసలు విచారణలోనూ అంతే, ముప్పై ఓట్లు అటు మారి ఉంటే బయటపడేవాడినని సోక్రటీసే అన్నట్టు ఆయన శిష్యుడు ప్లేటో రాశాడు. ఇక శిక్ష. ఫిర్యాదీ ఒకటి అడగాలి, ముద్దాయి ఒకటి అడగాలి, సభ రెంటిలో ఒకటి ఎంచాలి. నేను మరణం అడిగాను. ఒలింపిక్ విజేతలకు పెట్టినట్టు తనకూ ఊరి ఖర్చుతో భోజనం పెట్టాలని అడిగాడు అసలు సోక్రటీసు. మన రేడియో అక్కడితో ఆగకుండా, హాస్టల్లో ఆదివారం కూర తనకు రెండోసారి వడ్డించాలన్నాడు. నవ్వులు ఆగాక పిక్కలు లెక్కపెడితే, మొదటిసారి కంటే చాలా ఎక్కువ ఓట్లు మరణానికే పడ్డాయి.

మాస్టారు కుండ పక్కన పెట్టి అన్నారు: "అక్కడ కూడా రెండోసారి మరో 80 మంది అటు తిరిగారని ఒక పాత గ్రంథకర్త రాశాడు. నిర్దోషి అన్నవాళ్లే చావమన్నారు. ఎందుకు?" గంట కొట్టారు. జైలు ఘట్టం, పారిపొమ్మన్న స్నేహితుడు క్రీటో, చనిపోయే ముందు సోక్రటీసు గుర్తుచేసిన కోడిపుంజు బాకీ అన్నీ ఎగిరిపోయాయి. ఆ ప్రశ్నకు జవాబు మర్నాడూ ఆయన చెప్పలేదు.

నేను ఉద్యోగమంతా పబ్లిక్ ప్రాసిక్యూటర్‌గానే చేసి రిటైరయ్యాను. వాదించిన వాటిలో ఒకటి రెండు తీర్పుల సంకలనాల్లోకి ఎక్కాయి. ఎలాగూ సంచికలో వేస్తారు గనుక చెబుతున్నాను, గొప్పకు కాదు. తల వంచుకుని నిలబడ్డ ముద్దాయిని, న్యాయమూర్తి కళ్లలోకి చూసి నవ్విన ముద్దాయిని కోర్టు ఒకేలా చూడదని అక్కడ కళ్లారా చూశాను. దానికి ఏ చట్టంలోనూ సెక్షన్ లేదు. అందుకే, లాయరును పెట్టుకోలేని మనిషి బోనులో కనిపిస్తే ప్రభుత్వ ఖర్చుతో ఒకరిని ఇమ్మని నేనే ముందు అడిగేవాణ్ని. ప్రాసిక్యూటర్ పని అది కాదని తోటివాళ్లు నవ్వేవారు. నీళ్ల కుండ ముందు ఒంటరిగా వాదించుకున్నవాణ్ని వాళ్లు చూడలేదు.

కార్యక్రమ పత్రంలో రెండో రోజు భోజనాల తర్వాత గంటన్నర ఖాళీ కనిపిస్తోంది. ఏథెన్సులో అప్పీలు లేదు గాని ఇక్కడ పెట్టుకోవచ్చు. రేడియో, ఈసారి నీ తరఫున నేను వాదిస్తాను, నువ్వు మాత్రం కూర గురించి ఎత్తకు. కుండ అరిటాకు తెస్తాడు. పిక్కలు ఎవరు అరగదీస్తారో మిరపకాయ చెబుతుంది.